రేడియేటర్‌కు రూపమిచ్చిన విల్‌హెల్మ్ మైబాఖ్

పరిచయం

వేసవి మధ్యాహ్నం ఘాట్ రోడ్డు మలుపులో బానెట్ ఎత్తి నిలబెట్టిన లారీని మీరు చూసే ఉంటారు. ముందు భాగం నుంచి ఆవిరి బుసలు కొడుతూ ఉంటుంది. క్లీనరు డబ్బా పట్టుకొని నీళ్ళ కోసం వెతుకుతూ ఉంటాడు. డ్రైవరును అడిగితే బండి హీటెక్కిందని ఒక్క ముక్కలో చెబుతాడు. హీటెక్కడమంటే ఏమిటి? ఇంజనును చల్లబరిచే ఏర్పాటు ఎలా పనిచేస్తుంది? అది పనిచేయనప్పుడు లోపం ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి?

ఈ సమస్యతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టిన ఒక జర్మన్ ఇంజనీరు జీవితం ఈ పాఠంలో చదువుతారు. ఆయన పేరు విల్‌హెల్మ్ మైబాఖ్ (1846–1929). ఖరీదైన కార్ల పేరుగా మన దేశంలో మేబ్యాక్ అని పలుకుతున్నది ఈయన ఇంటిపేరునే.

పాఠం పూర్తయ్యేసరికి మీరు మైబాఖ్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలగాలి. రేడియేటర్ అలా ఎందుకు ఉంటుందో వివరించగలగాలి. ఇంజను వేడెక్కితే కారణాన్ని ఒక వరుసలో వెతకగలగాలి. మీలో కొందరు మెకానిక్ షెడ్డులో పనిచేసినవారై ఉంటారు. వారికి మూడవది ముందే తెలిసి ఉండవచ్చు. అయినా ఆ భాగం వదలకుండా చదవండి.

అనాథాశ్రమంలో చదువు

మైబాఖ్ 1846 ఫిబ్రవరి 9న దక్షిణ జర్మనీలోని హైల్‌బ్రాన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి వడ్రంగి. కుటుంబం పని కోసం స్టుట్‌గార్ట్ నగరానికి చేరింది. పదేళ్ళు నిండేసరికి విల్‌హెల్మ్‌కు తల్లీ లేదు, తండ్రీ లేడు.

రాయిట్లింగెన్ అనే ఊళ్ళో గుస్టావ్ వెర్నర్ అనే మతబోధకుడు అనాథల కోసం ఒక ఆశ్రమం నడుపుతుండేవాడు. అక్కడ ప్రార్థనతో పాటు పని కూడా ఉండేది. ఆశ్రమానికి సొంతంగా పొలం, బడి, కాగితపు మిల్లు, యంత్రాల కర్మాగారం ఉండేవి. పిల్లలు ఏదో ఒక పని నేర్చుకొని తమ కాళ్ళ మీద తాము నిలబడాలన్నది వెర్నర్ పట్టుదల. విల్‌హెల్మ్‌కు యంత్రాలపై ఉన్న ఆసక్తిని ఆయన గమనించి కర్మాగారానికి పంపాడు. అక్కడ ఆ కుర్రవాడు యంత్రభాగాల బొమ్మలు గీయడం నేర్చుకున్నాడు. పదిహేనేళ్ళ వయసులో ఊరి ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం, గణితం అదనంగా చదువుకున్నాడు. విశ్వవిద్యాలయం గడప ఎక్కే అవకాశం ఆయనకు రాలేదు. పగలు పని, ఆ పనికి కావలసినంత చదువు: ఇదీ ఆయన విద్యాభ్యాసం. ఈ పుస్తకం చదువుతున్న మీలో చాలామంది చదువు కూడా ఇలాగే సాగుతూ ఉండవచ్చు.

1860వ దశకం మధ్యలో ఆశ్రమ కర్మాగారానికి గాట్‌లీబ్ డైమ్లర్ అనే ఇంజనీరు అధికారిగా వచ్చాడు. మైబాఖ్ కంటే పన్నెండేళ్ళు పెద్ద. బొమ్మలు గీసే యువకుడి పనితనం ఆయనకు నచ్చింది. అక్కడ మొదలైన స్నేహం డైమ్లర్ మరణం దాకా, అంటే 1900 వరకు, తెగలేదు. డైమ్లర్ 1869లో కార్ల్స్‌రూహెలోని యంత్రాల కంపెనీకి మారితే మైబాఖ్ వెంట వెళ్ళాడు. 1872లో కొలోన్ నగరం పక్కన ఉన్న డాయిట్జ్ గ్యాస్ ఇంజన్ల కర్మాగారానికి వెళ్ళినప్పుడూ అంతే. అక్కడ డైమ్లర్ సాంకేతిక అధిపతి, మైబాఖ్ ప్రధాన రూపకర్త. అదే కంపెనీలో నికలస్ ఆటో 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజనును సాధించాడు. దాన్ని తయారీకి అనువుగా మలచిన పనిలో మైబాఖ్‌కు పెద్ద పాత్ర ఉంది. ఇప్పటి పెట్రోలు కార్ల ఇంజన్లు దాదాపు అన్నీ ఆ నాలుగు స్ట్రోకుల సూత్రం మీదనే నడుస్తాయి.

1878లో ఆయన బెర్తా హేబర్‌మెల్‌ను వివాహం చేసుకున్నాడు. మరుసటి సంవత్సరం కార్ల్ అనే కుమారుడు పుట్టాడు. ఈ కుమారుడి ప్రస్తావన తరువాత వస్తుంది.

తోటలోని గాజు ఇల్లు

ఆటో ఇంజను చాలా బరువైనది. నిమిషానికి నూటఎనభై చుట్లకు కాస్త అటూ ఇటుగా తిరిగేది. కర్మాగారంలో ఒక మూల నిలిపి వాడుకోవడానికి పనికొస్తుంది గాని బండికి తగిలించడానికి కాదు. తేలికగా, వేగంగా తిరిగే చిన్న ఇంజను కావాలని డైమ్లర్, మైబాఖ్ అనుకున్నారు. కంపెనీ పెద్దలతో డైమ్లర్‌కు పొసగలేదు. 1882లో ఇద్దరూ డాయిట్జ్ వదిలి స్టుట్‌గార్ట్ పక్కన కాన్‌స్టాట్ అనే ఊరికి వచ్చేశారు.

డైమ్లర్ కొన్న ఇంటి తోటలో మొక్కలు పెంచే గాజు గది ఒకటి ఉంది. దానికి ఇటుక గదిని జోడించి కార్యశాలగా మార్చుకున్నారు. రాత్రింబగళ్ళు తలుపులు మూసుకొని పనిచేసేవారు. లోపల ఏం జరుగుతున్నదో ఇంట్లో వారికి కూడా చెప్పలేదు. సుత్తి చప్పుళ్ళు విన్న తోటమాలి దొంగ నాణేలు ముద్రిస్తున్నారేమోనని అనుమానించి పోలీసులకు చెప్పాడనీ, వారు వచ్చి వెతికితే యంత్రభాగాలు తప్ప ఏమీ దొరకలేదనీ ఒక కథ ప్రచారంలో ఉంది.

1883లో తొలి ఇంజను సిద్ధమైంది. అది నిమిషానికి ఆరువందల చుట్లు తిరిగింది. తరువాత చేసిన నిలువు ఇంజను గోడ గడియారంలా కనబడుతుంది కాబట్టి దానికి తాత గడియారం అనే పేరు పడింది. 1885లో దాన్ని చెక్క చట్రంతో చేసిన రెండు చక్రాల బండికి అమర్చారు. సగం హార్స్‌పవర్ ఇచ్చే ఇంజను అది. మోటారు సైకిల్ చరిత్ర సాధారణంగా ఈ బండితో మొదలవుతుంది. 1886లో ఒక గుర్రబ్బండికి ఇంజను అమర్చి గుర్రాలు లేకుండా నడిపారు.

పేటెంట్లు డైమ్లర్ పేరున తీసుకున్నారు. డబ్బు పెట్టింది ఆయన. కాగితం మీద గీతలు గీసి భాగాలకు రూపమిచ్చింది చాలావరకు మైబాఖ్. ఇది ఆ కాలపు రివాజు. చరిత్ర పుస్తకాలు మైబాఖ్ పేరును చాలాకాలం రెండో వరసలో ఉంచడానికి ఇది ఒక కారణం.

వేడి ఎక్కడికి పోవాలి?

ఇక్కడ కాసేపు ఆగి ఒక విషయం తెలుసుకుందాం. ఇంజను సిలిండర్లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం మండినప్పుడు లోపలి ఉష్ణోగ్రత రెండువేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అలా పుట్టిన వేడిలో సుమారు మూడో వంతు మాత్రమే బండిని నడిపే పనికి వస్తుంది. మరో మూడో వంతు సైలెన్సర్ ద్వారా పొగతో బయటికి పోతుంది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం సిలిండర్ గోడలకు ఎక్కుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసివేయకపోతే నూనె పలచబడి కాలిపోతుంది, పిస్టన్ ఉబ్బి సిలిండర్లో బిగుసుకుపోతుంది. షెడ్డు భాషలో ఇంజను పట్టేసింది అంటారు.

చిన్న ఇంజన్లకు గాలి చాలు. మోటారు సైకిల్ సిలిండర్ చుట్టూ రేకుల్లాంటి అంచులు ఉండటం మీరు చూశారు. అవి గాలికి తగిలే ఉపరితలాన్ని పెంచుతాయి. ఇంజను పెద్దదయ్యేకొద్దీ గాలి ఒక్కటే సరిపోదు. సిలిండర్ చుట్టూ మరో గోడ కట్టి రెంటి మధ్య నీరు నింపాలి.

అయితే ఆ నీరు కూడా వేడెక్కుతుంది కదా! అప్పుడేం చేయాలి? మాన్‌హైమ్ నగరంలో ఇదే కాలంలో విడిగా పనిచేస్తున్న కార్ల్ బెంజ్ సులువైన దారి పట్టాడు. (విజయవాడ మీదుగా ప్రయాణించినవారికి బెంజ్ సర్కిల్ వల్ల ఈ పేరు చెవిన పడే ఉంటుంది.) 1886లో పేటెంట్ పొందిన ఆయన మూడు చక్రాల కారులో నీరు మరిగి ఆవిరైపోయేది. ఒక గ్రాము నీటిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి 80 కేలరీలు చాలు. అదే గ్రాము ఆవిరి కావాలంటే మరో 540 కేలరీలు కావాలి. కనుక మరిగే నీరు ఇంజను వేడిని బాగానే పీల్చుకుంటుంది. చిక్కల్లా నీళ్ళు అయిపోవడంతోనే.

1888 ఆగస్టులో కార్ల్ బెంజ్ భార్య బెర్తా భర్తకు చెప్పకుండా, టీనేజీ కొడుకులిద్దరినీ ఎక్కించుకొని అదే కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయలుదేరింది. నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దారిలో మందుల దుకాణంలో ఇంధనం కొన్నది. టోపీ సూదితో మూసుకుపోయిన ఇంధనపు గొట్టాన్ని పొడిచి శుభ్రం చేసింది. నీళ్ళు దొరికిన ప్రతి చోటా ఆగి ఇంజనుకు పోసింది. ఆమె సాహసం కారును జనానికి పరిచయం చేసింది. కాని పది, ఇరవై కిలోమీటర్లకోసారి నీళ్ళు వెతుక్కునే బండిని ఎంతమంది కొంటారు?

మైబాఖ్ ఆలోచన వేరు. నీటిని పోగొట్టుకోకుండా, దాని వేడిని మాత్రం గాలికి వదిలి అదే నీటిని మళ్ళీ ఇంజనుకు పంపాలి. 1889లో పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం ఆయన రూపొందించిన ఉక్కు చక్రాల కారులో ఈ ఆలోచన కనబడుతుంది. ఆ కారు చట్రం సైకిలు చట్రంలా ఉక్కు గొట్టాలతో చేసినది. ఇంజనులోని నీరు ఆ చట్రపు గొట్టాల్లోనే తిరిగి చల్లబడేలా ఏర్పాటు చేశాడు. బండిని మోసే గొట్టమే నీటిని చల్లార్చే గొట్టం! తెలివైన పని. కాని గొట్టాల ఉపరితలం తక్కువ. రెండు హార్స్‌పవర్ లోపు ఇంజనుకు చాలింది, అంతకు పెద్దదానికి చాలదు.

హోటల్లో కార్యశాల

1890లో డైమ్లర్ మోటార్ కంపెనీ ఏర్పడింది. డబ్బు పెట్టిన వాటాదారులకు ఒక చోట నిలిపి వాడే ఇంజన్లు అమ్ముకోవడం మీద ఆసక్తి ఎక్కువ, కార్ల మీద తక్కువ. మైబాఖ్‌కు తగిన స్థానం ఇవ్వడానికి వారు సిద్ధపడలేదు. 1891లో ఆయన కంపెనీ వదిలేశాడు. కొంతకాలం తన ఇంట్లోనే పనిచేశాడు. ఖర్చులు డైమ్లర్ పెట్టుకున్నాడు. 1892లో కాన్‌స్టాట్‌లో మూతపడిన హెర్మన్ హోటల్ హాలును అద్దెకు తీసుకొని కార్యశాలగా మార్చారు.

కంపెనీ గేటు బయట గడిపిన ఆ మూడు నాలుగేళ్ళు వృథా కాలేదు. సన్నని రంధ్రం గుండా పెట్రోలును తుంపరగా చిమ్మి గాలితో కలిపే కార్బురేటర్ 1893లో ఇక్కడే తయారైంది. ఆ తరువాత దాదాపు నూరేళ్ళపాటు పెట్రోలు బండ్లలో వాడిన కార్బురేటర్లకు అదే మూలం. రెండు సిలిండర్లు పక్కపక్కన ఉండే ఫీనిక్స్ ఇంజను కూడా అక్కడే రూపుదిద్దుకుంది. ఇటు కంపెనీ పరిస్థితి దిగజారింది. చివరికి 1895లో వాటాదారులు డైమ్లర్‌ను, మైబాఖ్‌ను తిరిగి పిలవక తప్పలేదు. మైబాఖ్ ఈసారి సాంకేతిక అధిపతిగా వెళ్ళాడు.

తేనెపట్టు

1897లో మైబాఖ్ గొట్టాల రేడియేటర్‌ను తయారు చేశాడు. ఒక లోహపు పెట్టె ఊహించుకోండి. దాని ముందు గోడ నుంచి వెనుక గోడకు ఎన్నో సన్నని గుండ్రటి గొట్టాలు బిగించి ఉన్నాయి. గొట్టాల లోపల గాలి పోతుంది. పెట్టెలో, గొట్టాల చుట్టూ, నీరు ఉంటుంది. దీంతో నీరు తడిపే లోహపు ఉపరితలం ఒక్కసారిగా పెరిగింది. అయితే గుండ్రటి గొట్టాలను ఎంత దగ్గరగా పేర్చినా నడుమ ఖాళీలు మిగులుతాయి. గాజుల డబ్బాలో నిలువుగా పేర్చిన అగ్గిపుల్లల మధ్య సందులు చూడండి, అర్థమవుతుంది. ఆ ఖాళీల్లో అనవసరంగా నీరు నిలుస్తుంది. నీరంటే బరువు.

1900 మార్చి 6న డైమ్లర్ మరణించాడు. అదే నెల చివర ఫ్రాన్సులోని నీస్ దగ్గర లా టుర్బీ కొండ ఎక్కే పందెంలో డైమ్లర్ ఫీనిక్స్ కారు ప్రమాదానికి గురై డ్రైవరు విల్‌హెల్మ్ బౌయర్ చనిపోయాడు. ఎత్తుగా, పొట్టిగా, ముందు బరువుతో ఉన్న ఆ కారు వేగానికి తగినది కాదు. నీస్‌లో డైమ్లర్ కార్లు కొని అమ్ముతున్న ఎమిల్ జెలినెక్ అనే వ్యాపారి దీనిపై గట్టిగా పట్టుబట్టాడు. కారు పొడవు పెరగాలి, ఎత్తు తగ్గాలి, బరువు తగ్గాలి, శక్తి పెరగాలి. అలా చేస్తే 36 కార్లు కొంటానని, ఐదున్నర లక్షల మార్కులు చెల్లిస్తానని ఒప్పుకున్నాడు. తన కూతురి పేరు మెర్సిడెస్ ఆ కార్లకు పెట్టాలన్నాడు.

డైమ్లర్ లేని మైబాఖ్‌కు ఇది పరీక్ష. నాలుగు సిలిండర్లతో 35 హార్స్‌పవర్ ఇంజను గీశాడు. శక్తి పెరిగితే వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే నీరు ఎక్కువ కావాలి. నీరు పెరిగితే బరువు పెరుగుతుంది. బరువు తగ్గించమని కదా జెలినెక్ కోరింది! ఈ ముడి విప్పనిదే కారు లేదు.

మైబాఖ్ గొట్టాల ఆకారం మార్చాడు. గుండ్రటివి తీసి 6 మిల్లీమీటర్ల భుజం గల చదరపు గొట్టాలు పెట్టాడు. మొత్తం 8,070 గొట్టాలు. చదరాలు కనుక ఒకదానికొకటి పూర్తిగా ఆనుకొని కూర్చుంటాయి, నడుమ సన్నని సందు మాత్రమే మిగులుతుంది. నీరు ఆ సందుల్లోనే పలచని పొరగా దిగుతుంది. గొట్టాల గుండా గాలి దూసుకుపోతుంది. కారు మెల్లగా పోయేటప్పుడు కూడా గాలి ఆడేలా రేడియేటర్ వెనుక ఒక ఫ్యాను అమర్చాడు. ముందు నుంచి చూస్తే తేనెపట్టులా ఉంటుంది కాబట్టి దీనికి తేనెపట్టు రేడియేటర్ అనే పేరు వచ్చింది. దీని వల్ల అవసరమైన నీరు దాదాపు సగానికి తగ్గి 9 లీటర్లకు వచ్చింది.

ఉపరితలం ఎలా పెరుగుతుందో మీరే లెక్క కట్టవచ్చు. ఒక కాగితంపై 6 సెంటీమీటర్ల భుజంతో చదరం గీయండి. దాని చుట్టుకొలత 24 సెంటీమీటర్లు. దాన్ని 6 మిల్లీమీటర్ల చిన్న చదరాలుగా విభజిస్తే 100 చదరాలు వస్తాయి. ఒక్కొక్క దాని చుట్టుకొలత 2.4 సెంటీమీటర్లు, మొత్తం 240 సెంటీమీటర్లు. స్థలం అంతే, గోడ మాత్రం పదింతలు. గోడ పెరిగిన కొద్దీ వేడి గాలిలోకి పోయే దారి పెరుగుతుంది.

తొలి మెర్సిడెస్ 1900 డిసెంబరులో జెలినెక్‌కు అందింది. 1901 మార్చిలో నీస్ పందేలలో ఆ కార్లు మిగతావాటిని వెనక్కి నెట్టేశాయి. గంటకు సుమారు 75 కిలోమీటర్ల వేగం ఆ రోజుల్లో పెద్ద విశేషం. ఫ్రెంచి పత్రికలవారు మైబాఖ్‌ను కారు నిర్మాతలకు రాజు అన్నారు. ముందు రేడియేటర్, దాని వెనుక ఇంజను, కిందుగా పొడవాటి చట్రం: కారు అంటే మన కళ్ళ ముందు మెదిలే ఆకారం ఆ సంవత్సరం నుంచి స్థిరపడింది.

ఇక్కడ ఒక చిన్న తేడా గుర్తుంచుకోండి. తేనెపట్టులో గాలి గొట్టం లోపల, నీరు బయట. ఆ తరువాత వచ్చిన రేడియేటర్లలో నీరు బల్లపరుపు గొట్టాల లోపల పోతుంది, గాలి బయట సన్నని రేకుల మధ్య పోతుంది. వేల అతుకులున్న తేనెపట్టులో ఒక్క అతుకు కారినా పట్టుకోవడం కష్టం, తయారీ ఖర్చు కూడా ఎక్కువ. అందుకే పద్ధతి మారింది. సూత్రం మాత్రం మారలేదు: తక్కువ నీరు, ఎక్కువ ఉపరితలం, ఆగని గాలి.

బండి వేడెక్కితే ఎలా వెతకాలి?

ఆ మూడు మాటలే లోపం వెతకడానికి కూడా దారి చూపుతాయి. నీరు ఉందా? నీరు తిరుగుతోందా? గాలి ఆడుతోందా? ఈ వరుసలో చూస్తే డబ్బు ఖర్చయ్యే పని చివరికి వస్తుంది.

ముందుగా ఒక హెచ్చరిక. వేడెక్కిన బండిని పక్కకు తీసి ఇంజను ఆపి, కనీసం అరగంట చల్లారనివ్వండి. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి. ఈ మూత ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి పట్టే మూత ఉంటే లోపలి నీరు సుమారు 120 డిగ్రీల వరకు మరగదు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి నీరంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదకు ఎగజిమ్ముతుంది. అలా ముఖాలు, చేతులు కాల్చుకున్నవారు ఎందరో ఉన్నారు. మరిగిపోతున్న ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరించడం కూడా ప్రమాదమే. వేడి లోహం ఒక్కసారిగా కుంచించుకొని సిలిండర్ హెడ్ పగలవచ్చు.

చల్లారాక నీటిమట్టం చూడండి. తగ్గితే ఎక్కడికి పోయింది? హోస్ పైపుల చివర్లు, రేడియేటర్ అడుగు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం చూడండి. పంపు రంధ్రం నుంచి నీరు కారితే లోపలి సీలు పోయిందని అర్థం. మూతకున్న రబ్బరు చిట్లినా నీరు తొందరగా మరిగి పొంగిపోతుంది. అది చవకైన భాగం కనుక ముందే చూడటం మంచిది. బయట ఎక్కడా కారకుండానే నీరు తగ్గుతుంటే అనుమానం హెడ్ గాస్కెట్ మీదికి పోవాలి. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుందా? ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీలా మారిందా? చల్లగా ఉన్నప్పుడు మూత తీసి ఇంజను నడిపితే రేడియేటర్లో బుడగలు వరుసగా వస్తున్నాయా? ఇవన్నీ గాస్కెట్ పోయిన గుర్తులు. అప్పుడు బండి నడపకుండా మెకానిక్‌కు చూపాలి.

నీరు నిండుగా ఉన్నా వేడెక్కుతుంటే, ఎప్పుడు వేడెక్కుతున్నదో గమనించండి. నా ఉద్దేశంలో ఈ భాగమంతటిలో ఇదే ముఖ్యమైన ప్రశ్న. ఊళ్ళో ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోయేటప్పుడు వేడెక్కి, హైవే ఎక్కగానే తగ్గితే లోపం గాలిది. బండి వేగంగా పోతే గాలి తనంతట తానే తగులుతుంది, ఆగినప్పుడు ఫ్యాను ఒక్కటే దిక్కు. పాత బండ్లలో ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కి చూడండి. సుమారు ఒక సెంటీమీటరు కంటే బాగా ఎక్కువ లోపలికి పోతే బెల్టు వదులైనట్లు. విద్యుత్ ఫ్యాను ఉంటే ఫ్యూజు, వైరు, స్విచ్ చూడాలి. బురద, పురుగులు రేకుల మధ్య పేరుకుంటే గాలి ఆడదు. వెనుక వైపు నుంచి ముందుకు మెల్లగా నీళ్ళు కొట్టి కడగాలి.

అలా కాకుండా ఊళ్ళో బాగానే ఉండి, హైవే వేగంలో, ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కితే లోపం నీటి ప్రవాహానిది. అప్పుడు గాలి పుష్కలంగా ఉంది, పుట్టిన వేడిని నీరు మోసుకు రాలేకపోతోంది. రేడియేటర్ లోపల పాచి పట్టి ఉండవచ్చు. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం మీకు తెలుసు. అదే పొర రేడియేటర్ గొట్టాల్లో కడుతుంది. అది వేడిని బయటికి పోనివ్వదు. అందుకే కంపెనీ చెప్పిన కూలెంట్‌ను శుద్ధజలంతో కలిపి పోయమంటారు. బోరు నీళ్ళు అత్యవసరానికే.

బండి తీసిన కొద్ది నిమిషాల్లోనే ముల్లు ఎర్ర గీతకు పోయి, రేడియేటర్ పై హోసు మాత్రం చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉంటుంది. ఇది ఇంజను వేడెక్కే దాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని చిన్న తలుపు. దాన్ని విప్పి, దారంతో కట్టి, నీళ్ళ గిన్నెలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. దాని మీద 82 అని ముద్రించి ఉంటే నీరు సుమారు 82 డిగ్రీలకు చేరగానే తెరుచుకోవడం మొదలుపెట్టాలి. మరిగినా తెరుచుకోకపోతే మార్చాలి. కొందరు దాన్ని పూర్తిగా తీసి పారేసి బండి నడుపుతారు. అది సరికాదు. ఇంజను తగినంత వేడెక్కకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది.

పాఠగత ప్రశ్నలు

1. ఒక టాక్సీ నగరంలో నడిచేటప్పుడు మాత్రమే వేడెక్కుతోంది. మీరు ముందు ఏ భాగం చూస్తారు? ఎందుకు?
2. గుండ్రటి గొట్టాల బదులు చదరపు గొట్టాలు వాడటం వల్ల నీరు ఎందుకు తగ్గింది? బొమ్మ గీసి చెప్పండి.
3. నీటిమట్టం తగ్గుతోంది, బయట చుక్క కారడం లేదు. ఏ గుర్తుల కోసం వెతుకుతారు?

చివరి సంవత్సరాలు

కంపెనీ పేరు డైమ్లర్‌ది, కారు పేరు జెలినెక్ కూతురిది. 1902లో మెర్సిడెస్ పేరు నమోదైంది. మైబాఖ్ పేరు మాత్రం కారు మీద ఎక్కడా లేదు. డైమ్లర్ పోయాక కంపెనీలో ఆయన మాట చెల్లుబాటు తగ్గుతూ వచ్చింది. రూపకల్పన బాధ్యతలు క్రమంగా ఇతరుల చేతికి పోయాయి. 1907లో, అరవై దాటిన వయసులో, ఆయన రెండోసారి ఆ కంపెనీ వదిలాడు. ఈసారి తిరిగి వెళ్ళలేదు.

1908 ఆగస్టు 5న జెప్పెలిన్ ప్రభువు నిర్మించిన పెద్ద గాలి ఓడ ఇంజను ఇబ్బంది వల్ల ఎఖ్టర్‌డింగెన్ దగ్గర నేలకు దిగింది. అక్కడ తుఫాను గాలికి కొట్టుకుపోయి తగలబడింది. జర్మనీ అంతటా ప్రజలు చందాలు పోగుచేసి జెప్పెలిన్‌కు ఇచ్చారు. మైబాఖ్ ఆయనకు ఉత్తరం రాసి, గాలి ఓడలకు నమ్మదగిన ఇంజను తయారు చేస్తామని చెప్పాడు. దాన్ని గీసినవాడు కుమారుడు కార్ల్. 1909లో తండ్రీకొడుకులు, జెప్పెలిన్ కలిసి ఇంజన్ల కంపెనీ ప్రారంభించారు. తరువాత అది ఫ్రీడ్రిఖ్స్‌హాఫెన్‌కు మారింది. కంపెనీని నడిపింది కార్లే. తండ్రి సలహాలిచ్చాడు. 1916లో స్టుట్‌గార్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత విమాన ఇంజన్ల తయారీపై ఆంక్షలు వచ్చాయి. కార్ల్ అప్పుడు కార్ల వైపు తిరిగాడు. 1921లో తొలిసారి ఒక కారు మీద మైబాఖ్ పేరు కనబడింది. అప్పటికి తండ్రి వయసు 75.

1926లో డైమ్లర్, బెంజ్ కంపెనీలు ఒకటయ్యాయి. ఒకప్పుడు ఒకరికొకరు తెలియకుండా రెండు ఊళ్ళలో మొదలైన పని అలా ఒక గొడుగు కిందికి వచ్చింది. మన దేశంలో టెల్కో కంపెనీ 1954లో ఆ డైమ్లర్-బెంజ్‌తోనే ఒప్పందం చేసుకొని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చేసింది. 1969 వరకు సాగిన ఆ ఒప్పందం కాలంలో మన రోడ్ల మీద తిరిగిన టాటా లారీల ముందు భాగంలో, రేడియేటర్ జాలీ మీద, మూడు కోణాల నక్షత్రం ఉండేది. ఆ గుర్తు మీ ఇంట్లో పెద్దవారికి జ్ఞాపకం ఉండవచ్చు.

కార్ల్ బెంజ్ 1929 ఏప్రిల్‌లో మరణించాడు. అదే సంవత్సరం డిసెంబరు 29న, 83 ఏళ్ళ వయసులో, విల్‌హెల్మ్ మైబాఖ్ కాన్‌స్టాట్‌లో కన్నుమూశాడు. అక్కడి ఉఫ్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. డైమ్లర్ సమాధి కూడా ఆ శ్మశానంలోనే ఉంది.